దుఖాన్‌లో దిగింది అసలు లసుమవ్వేనా?

ఒక క్యాసెట్‌లో పాడిన మనిషీ, ఆ పాటలు నావేనంటూ ఊరి నుంచి వచ్చిన మనిషీ ఒకరేనా కాదా తేల్చి చెప్పమని నన్ను దోహా నుంచి పడమటి తీరంలోని చమురు ఊరు దుఖాన్ పంపించారు. పంపించింది దోహా ఇండస్ట్రియల్ ఏరియా కార్మికుల క్యాంపుల్లో ఉండే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మనవాళ్ళు. క్యాసెట్ పేరు ‘లసుమవ్వ హిట్స్’. పన్నెండు పల్లెపాటలు, డప్పు తప్ప వేరే వాద్యం లేదు. చమురు ధర పెరిగి దోహా నిండా క్రేన్లు లేచిన ఆ రోజుల్లో, క్యాంపు గదుల్లో ఆ క్యాసెట్ మోగని శుక్రవారం ఉండేది కాదు. బతుకమ్మ పండుగకి లసుమవ్వనే విజిట్ వీసా మీద రప్పించామని దుఖాన్‌లోని ఒక ఇంజనీరు కుటుంబం చెప్పగానే జనం పొంగిపోయారు. ఆమె దిగిన వారమే అక్కడి సైట్‌లో పనిచేసే కొందరి ముందు రెండు పాటలు పాడింది. అక్కడ మొదలయ్యాయి గుసగుసలు. గొంతు అది కాదు, ఎవరినో తెచ్చి లసుమవ్వ అంటున్నారు అని. మరుసటి వారం శుక్రవారం ఇండస్ట్రియల్ ఏరియాలో పెట్టుకున్న పెద్ద కార్యక్రమం జరగనిచ్చేది లేదని కొన్ని క్యాంపులు పట్టుబట్టాయి.

నాది కాకినాడ, ఉండేది దోహా. ఐన్ ఖాలిద్‌లో ఇంటి దగ్గరే పిల్లలకి కర్ణాటక సంగీతం చెబుతాను. ఒకప్పుడు నా విద్యార్థుల వ్యాన్ నడిపి, తర్వాత ఒక కంపెనీలో పికప్ డ్రైవర్‌గా చేరిన జగిత్యాల మల్లేశం బుధవారం సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “టీచరమ్మా, మీరు ఇంటే తెలుస్తది. మమ్ముల ఆ ఇంజనీరు క్వార్టర్ల లోపటికి రానియ్యరు. మీరు ఆడమనిషి, ఫ్యామిలీ. ఒక్కసారి పోయి ఇనుండ్రి.” నిజం చెప్పాలంటే నాకు మల్లేశం మీదా కొంచెం అనుమానం వచ్చింది. కార్యక్రమం చెడగొట్టాలని ఎవరైనా ఇతన్ని వాడుకుంటున్నారేమో! కానీ క్యాసెట్ నా చేతిలో పెట్టి, “జర్ర పైలం, ఇది మా మేస్త్రీ రాజన్నది, ఆరేండ్ల సంది ఇనుకుంట వస్తున్నడు” అన్నప్పుడు అతని ముఖంలో ఉన్న దిగులు చూసి ఒప్పుకున్నాను.

శుక్రవారం ఉదయం ఏడింటికి ఐన్ ఖాలిద్‌లో బయల్దేరాం. నలుగురు కూర్చునే పికప్. బండికి అద్దె తీసుకోనని మల్లేశం మొండికేస్తే, పెట్రోలు నేను పోయించాను, పాతిక రియాళ్ళయింది. ఏడుంపావుకి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక టైర్ల షాపు ముందు రాజన్న ఎక్కాడు. యాభై దాటిన మేస్త్రీ, సిరిసిల్ల వైపు మనిషి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మొదటిసారి గల్ఫ్ బయల్దేరినప్పుడు ఏజెంటు దొంగ వీసా అంటగట్టడంతో బొంబాయి నుంచే వెనక్కి పోయిన మనిషట. అప్పటి నుంచి ఎవరు ఏ కాగితం చూపించినా రెండుసార్లు తిప్పి చూస్తాడని మల్లేశం నవ్వాడు. రాజన్న నవ్వలేదు. “మీకెంత ఇస్త అన్నరు?” అని నన్నే అడిగాడు. ఎవరూ ఏమీ ఇవ్వడం లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు.

సల్వా రోడ్డు మీదుగా వెళ్ళి దుఖాన్ రోడ్డెక్కితే షహానియా దాకా అరగంట. అక్కడ చిన్న మలబారీ హోటల్లో కరక్ చాయ్, అదే చిక్కగా మరిగించిన పాల టీ, తాగాం, కప్పు ఒక రియాల్. దుఖాన్ వెళ్ళేవాళ్ళు తినేదేదైనా ఇక్కడే తినెయ్యండి, శుక్రవారం పదకొండు నుంచి నమాజు అయ్యేదాకా దారిలో షాపులు మూసేస్తారు. షహానియా దాటితే రెండు వైపులా రాళ్ళనేల, అప్పుడప్పుడు ఒంటెల గుంపు. మల్లేశం క్యాసెట్ పెట్టాడు.

అంతకుముందు నేనా పాటల్ని పట్టించుకోలేదు. ఆ రోజు విన్నాను. సన్నగా, చురుగ్గా, పైకి దూసుకుపోయే గొంతు. విమానమెక్కి పోయి సెంటు సీసా పంపిన మొగుడిని పట్టుకుని, ‘నీ సెంటు సీసా నా గొడ్లకు పూసిన, అవి నిన్ను గుర్తు పట్టలే’ అని దులిపేస్తుంది. “మిగిలినోళ్ళు మమ్ముల పొగుడుకుంట పాడుతరు, లేదంటే ఏడుస్తరు” అన్నాడు మల్లేశం. “ఈమె తిడ్తది టీచరమ్మా. గట్ల తిట్టేటోళ్ళు ఇక్కడ ఎవలున్నరు మాకు? సూపర్‌వైజర్ తిడ్తడు, అది వేరు.” పాట చివర డప్పు ఆగాక, ఇంకో సన్నటి గొంతు ‘ఇగ సాలు లసుమా’ అంటుంది. అది ఆమె చెల్లెలిదని క్యాంపుల్లో అందరి నమ్మకం. రాజన్న వెనక నుంచి ముందుకు వంగాడు. “మొన్న దుఖాన్ల సైటు పనికి పోయినప్పుడు, పాడుడు అయినంక ఆమెను అడిగిన, మీ చెల్లె బాగున్నదా అని. నాకు చెల్లె లేదు అన్నది. ఇగ ఏం జెప్పాలె?” ఆ మాటతో నాకూ అనుమానం గట్టిపడింది.

తొమ్మిదింటికి దుఖాన్ కంపెనీ క్వార్టర్ల గేటు దగ్గర దిగాం. నేపాలీ సెక్యూరిటీ అతను ఇంజనీరు పేరు రాసుకుని, ఫోన్ చేసి, నన్ను లోపలికి పొమ్మన్నాడు. మగవాళ్ళిద్దరినీ ఆపేశాడు. “ఫ్యామిలీ ఓన్లీ, భాయ్. బ్యాచిలర్ మాఫీ, నహీ.” భార్య వెంట లేకపోతే ఇక్కడ ఎవరైనా బ్యాచిలరే, ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళిళ్ళు చేసిన రాజన్నకి ఆ మాట అలవాటే కాబోలు. క్యాసెట్ నా చేతికిచ్చి, “ఆమె పాడినదానికి మీరు తల ఊపకుండ్రి, ముందుగాల ఇనుండ్రి” అని మాత్రం హెచ్చరించాడు.

ఇంజనీరు భార్య సుజాత హైదరాబాదీ. నన్ను గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. “ఎవరు పంపారండీ మిమ్మల్ని? ఫోన్‌లో మీ పేరొకటే చెప్పారు.” దాచకుండా చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. “అంటే మేం మోసం చేస్తున్నామనా? ఊరికి మనిషిని పంపి, వెతికి వెతికి పట్టుకుని తెచ్చాం ఆమెని.” అప్పుడే లోపల నుంచి పొట్టిగా, బలంగా ఉన్న ఒకామె వచ్చింది. అరవైకి దగ్గర వయసు, ముక్కుకి పెద్ద పుడక. గొంతు విని ఉలిక్కిపడ్డాను. బరువైన, కొంచెం బొంగురు గొంతు. “రానియ్యి బిడ్డా, ఇంతదూరం వచ్చింది. కని ఆ సంచిల టేపు గిట్ల ఉంటే బయట పెట్టి రమ్మను. ఒకపారి టేపు పట్టనిచ్చిన, సాలు.”

ఆమె నన్ను అనుమానించడం అప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్ళ క్రితం ఒకాయన ఊరికి వచ్చి, బడి గదిలో కూర్చోబెట్టి, ఒక్క పూటలో పన్నెండు పాటలు రికార్డు చేసుకుని, చీర పెట్టి వెళ్ళిపోయాడట. క్యాసెట్ వచ్చిందని విన్నది తప్ప, ఇంట్లో టేప్ లేక ఆమె ఎన్నడూ సరిగ్గా వినలేదు. ఒకసారి బస్టాండ్‌లో మోగుతుంటే నిలబడిందట. “ఎవలీ పోరి, నా పాటలు పాడుతున్నది అనుకున్న. గంతల బస్సు వచ్చింది.”

నా సంచిలో ఉన్నది ఆ క్యాసెట్టూ, శ్రుతిపెట్టె మాత్రమే అని చూపించాక ఆమె కూర్చుంది. సెంటు సీసా పాట పాడమన్నాను. పాడింది. నిదానంగా, నేల మీద కాళ్ళు ఆనించి నడిచినట్టు పాడింది. బాగుంది, కానీ క్యాసెట్ గొంతు కాదు. పైగా క్యాసెట్‌లో లేని చరణం ఒకటి పాడింది. సుజాత నా ముఖమే చూస్తోంది. ‘కాదు’ అని చెప్పడానికి మనసులో మాటలు వెతుక్కుంటున్నాను.

ఆమె పాడింది నాలుగు శ్రుతిలో. వాళ్ళ టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి శ్రుతిపెట్టె కలిపితే మూడు మెట్లు పైన, ఐదున్నరకి కుదిరింది. మనిషి ఒకరోజు పైన, ఒకరోజు కింద పాడవచ్చు, అది పెద్ద ఆధారం కాదు. కానీ క్యాసెట్‌లో డప్పు కూడా రేకుడబ్బాలా సన్నగా మోగుతోంది. డప్పు గొంతు ఎందుకు మారాలి? అప్పుడు లసుమవ్వ గొణిగిన మాటే నాకు దారి చూపింది. పాట ఉరుకుతుంటే, “ఊపిరెక్కడ తీసుకుంటది ఇది?” అందామె. గంటకు పైగా పాడిన పాటల్ని గంట క్యాసెట్‌లో పట్టించడానికి, రికార్డు చేసుకుపోయిన ఆ పెద్దమనిషి ఒక చరణం కోసేసి, టేపు వేగం పెంచి ఎక్కించి ఉంటాడా?

వేగం తగ్గించే మీట ఆ టేప్ రికార్డర్‌కి లేదు. కానీ బ్యాటరీలు నీరసపడితే పాట సాగుతుందని మనందరికీ తెలిసిందే. సుజాతని పాత బ్యాటరీలు అడిగాను. గోడ గడియారంలోవీ, రిమోట్‌లోవీ పనికిరాలేదు, సైజు వేరు. చివరికి టార్చిలైటువి రెండూ, పనికిరావని పక్కన పెట్టినవి రెండూ కలిపి వేసి, కరెంటు వైరు పీకేసి, బటన్ నొక్కాను. మొదటి రెండు లైన్లు మామూలుగానే ఉరికింది. తర్వాత మెల్లగా కిందికి దిగింది. గొంతు చిక్కబడింది. శ్రుతిపెట్టె నాలుగుకి తిప్పాను, కాసేపు సరిగ్గా అక్కడే నిలిచింది. టేపులో పాడుతున్నది నా ఎదురుగా కూర్చున్న మనిషే. సుజాత “అయ్యో” అంది.

పాట ముగిసింది, డప్పు ఆగింది. చెల్లెలు అనుకున్న ఆ గొంతు మగగొంతుగా, తీరిగ్గా, కొంచెం నవ్వుతూ అంది: ‘ఇగ సాలు లసుమా.’

లసుమవ్వ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. డప్పు కొట్టింది ఆమె భర్త. పోయి మూడేళ్ళయిందట. ఫోటో ఒకటుంది గానీ గొంతు ఎక్కడా లేదనుకుంది. “మల్ల పెట్టు బిడ్డా” అంది. వెనక్కి తిప్పి పెట్టాను. ఈసారి ఇంకా కిందికి జారి, సగంలో ఆగిపోయింది. సుజాత వాడేసిన బ్యాటరీలే ఇంకొన్ని తెస్తానంటూ పక్కింటికి పరుగెత్తింది.

పదిన్నరకి నేను గేటు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. మల్లేశం వెంటనే నమ్మాడు. రాజన్న నమ్మలేదు. “మంచిగ తినవెట్టి పంపినట్టున్నరు” అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏదో అనబోయాను కూడా. అంతలో లసుమవ్వే నడుచుకుంటూ వచ్చింది, వెనక సుజాత టేప్ రికార్డర్ పట్టుకుని. సెక్యూరిటీ అతను అడ్డుకోబోయి ఊరుకున్నాడు. గేటుకి ఆ పక్క ఆమె, ఈ పక్క వీళ్ళు. సాగదీసిన పాట ఒకటి వినిపించాం, దానితోపాటే ఆమె గొంతు కలిపింది. రెండు గొంతులు ఒకటిగా వెళ్ళాయి.

రాజన్న సంతోషిస్తాడనుకున్నాను. “అయితే ఆరేండ్లు నేనిన్నది ఎవలను?” అన్నాడు. చిన్నబోయిన గొంతుతో అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు.

“నన్నే కొడుకా,” అంది లసుమవ్వ. “జర్ర ఉరుకుతున్న, గంతే.”

తర్వాతి శుక్రవారం కార్యక్రమం జరిగింది. అందరికీ నచ్చిందని చెప్పలేను. క్యాసెట్‌లో ఉన్నట్టు పాడమని వెనక నుంచి చాలామంది అరిచారు. అసలామె కాదని ఇప్పటికీ అనేవాళ్ళున్నారని మల్లేశం చెబుతుంటాడు. రాజన్న ముందు వరసలో కూర్చుని, క్యాసెట్‌లో లేని ఆ చరణం వచ్చినప్పుడల్లా మళ్ళీ పాడించుకున్నాడు. ఆ రోజు తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది నా సొంత తొందర. సంగీతం తెలిసినదాన్ని అని పంపితే, చెవికి పట్టిన మొదటి తేడాకే ఆమెని దొంగని చేయబోయాను. మోసపోయి మోసపోయి అనుమానం నేర్చుకున్న రాజన్నకి ఆ హక్కు ఉంది. నన్నెవరు మోసం చేశారని నాకంత అనుమానం?

దుఖాన్ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. క్వార్టర్లలో బంధువుల్ని చూడటానికి వెళ్తే గేటు దగ్గర మీరు చెప్పాల్సింది ఇంటివాళ్ళ పేరొక్కటే, అయిదు నిమిషాల పని. కానీ మీ డ్రైవర్‌ని లోపలికి రానివ్వరు, బయట కూర్చోవడానికి బల్ల లేదు, నీడా లేదు. అతనికి నీళ్ళూ, తిండీ, ఒక గొడుగూ మీరే బండిలో పెట్టుకుని బయల్దేరండి.