టీచర్ పంపిన ఆల్టో వరస

నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి బస్సులో మార్కాపురం తిరిగి వస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక పాత ఫైలు విన్నాను. ముందు స్టవ్ ఆపిన చప్పుడు, ఆ వెనకే కరుణమ్మ టీచర్ గొంతు. మా చర్చి గాయక బృందానికి చాలా ఏళ్లు పాటలు నేర్పిన మనిషి. ఇప్పుడు గిద్దలూరులో కూతురి దగ్గర ఉంటున్నారు.

టీచర్ ఆ ఫైలు పంపిన ఏడాదే నాకు పెద్దారవీడులో నర్సు ఉద్యోగం వచ్చింది. డ్యూటీలు మారుతుండడంతో సాధనకు వెళ్లడం కుదరలేదు. క్రిస్మస్‌కు నాలుగు వరసల పాట, ఒక్కో గుంపు ఒక్కో స్వరంలో కలిసి పాడేది. ఆడవాళ్ల కింది వరస, అంటే ఆల్టో, పాడేది సుజాత, నేను ఇద్దరమే. ఇక మానేస్తానని చెప్పడానికి టీచర్ ఇంటికి వెళ్లాను.

"ఏందిమ్మా ఆ మాట? నువ్వు పోతే సుజాత ఒక్కతే ఏం పాడుతుంది?" అన్నారామె. "ఫోన్‌లో వెతుకుదాం ఉండు. బస్సులో వింటా నేర్చుకుందువు."

ఇద్దరం కూర్చుని వెతికాం. ఆ పాట చాలామంది పాడినది దొరికింది గానీ, ఎవరు పాడినా అసలు రాగమే. ఆల్టో విడిగా ఎక్కడా లేదు. కాసేపటికి టీచర్ ఫోన్ నా చేతికిచ్చి, "లేకపోతే మనమే చేసుకుందాం. రికార్డు ఎట్ల చేయాల్నో చూపించు" అన్నారు.

మర్నాటి నుంచే ఫైళ్లు రావడం మొదలైంది. ఒక్కో చరణం విడిగా, నిదానంగా పాడి పంపేవారు. రెండో చరణంలో ఒకచోట ఆమే వరస తప్పి అసలు రాగంలోకి వెళ్లిపోయారు. "తప్పినాను సునీతా. ఇట్ల కాదు, విను" అని, రికార్డు ఆపకుండానే కింది వరసకు దిగి పాడారు. అది తీసేసి మళ్లీ పాడి పంపొచ్చు కదా టీచర్ అని ఫోన్ చేసి అడిగాను.

"నువ్వూ అక్కడే తప్పుతావు. ఎట్ల తిరిగి రావాల్నో తెలియొద్దా?" అన్నారు.

క్రిస్మస్ ఉదయం డ్యూటీ దిగి నేరుగా చర్చికి వెళ్లాను. అందరితో కలిసి ఆ పాట పాడడం అదే మొదలు. రెండో చరణంలో పక్కవాళ్ల గొంతులు నన్ను పైకి, అసలు రాగంలోకి లాగేశాయి. సుజాత కంగారుగా నావైపు చూసింది. నేను పాడడం ఆపలేదు. ఫైల్లో టీచర్ ఎలా దిగారో అలాగే దిగాను. సుజాత గొంతులో నా గొంతు కలిసిపోయింది. ఎదురుగా చెయ్యి ఊపుతూ పాడిస్తున్న టీచర్ చిన్నగా తలాడించి మగవాళ్ల వైపు తిరిగారు.

ఆరాధన అయ్యాక బయట, "తప్పినాను టీచర్" అన్నాను.

"తప్పినావు. వచ్చినావు కదా" అంటూ కేకు ముక్క నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు బృందంలో కొత్తవాళ్లకు ఆల్టో ఫైళ్లు నేనే పాడి పంపుతున్నాను. పాటల సంగతి అలా ఉంచితే, ఆసుపత్రిలో కొత్త నర్సులకు పని నేర్పేటప్పుడు నా వల్ల పొరపాటు జరిగితే దాచుకోను. ఎక్కడ జరిగిందో చెప్పి, వాళ్ల ముందే సరిచేస్తాను. మొదట్లో వాళ్లు వింతగా చూస్తారు. కొన్నాళ్లకు ఒక్కొక్కరే వచ్చి, "అక్కా, ఇది నేను తప్పు చేసినాను, చూడు" అంటారు.