రెప్ప వేయని పేరు

మాదాపూర్‌లో హైటెక్ సిటీ కడుతున్న రోజులు. మియాపూర్ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దామె నా ఒళ్ళోని పసిదాన్నే కన్నార్పకుండా చూస్తోంది. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారు విని ఉన్నానేమో, గబుక్కున కొంగు కప్పేశాను.

"నీ పేరేంది బిడ్డా?"

"మీనాక్షండీ," అన్నాను ముభావంగా.

"మీనాక్షంటే చేపకండ్ల తల్లి. చేప రెప్పెయ్యదు, చూపుతోనే పిల్లల్ని సాదుతది. నువ్వేమో తూగుతున్నవ్, పిల్ల జారుతున్నది. జర పండుకో, నేను చూస్త."

జ్వరం పిల్లతో ముందు రాత్రంతా నాకు జాగారమే. నమ్మకం కుదరక దాని గౌను నా కొంగుకు ముడేసుకున్నాను. అయినా కన్నంటుకుంది.

కండక్టర్ కేకకు ఉలిక్కిపడి లేచాను. అతను పెద్దామెను నిలదీస్తున్నాడు.

"కొండాపూర్ టికెట్ తీస్కొని మియాపూర్ దాంక వచ్చినవేందమ్మా?"

పిల్ల తల కింద పెట్టిన చెయ్యి తియ్యకుండానే ఆమె అంది: "తల్లి లేవకపాయె, నేనెట్ల దిగాలె?"