బడే సాబ్ ఉమ్మేసిన మాత్రలు

ఆదోని జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు పత్తి బేళ్లు మోసిన బడే సాబ్ ఒంటి మీద చొక్కా చూసినవాళ్లు తక్కువ. అట్లాంటి మనిషి పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో మండుటెండల్లో కూడా మెడదాకా గుండీలు పెట్టుకుని తిరిగాడు. అంతా ఆ మాత్రలు తెచ్చిన తంటా.

మూత్రం బంద్ అయి, నడుము పట్టేసి కర్నూలు పోతే ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. మగ హార్మోనే దానికి మేతట. ఆ మేత ఆపడానికి ఆడ హార్మోను మాత్ర, రోజుకొకటి, మానకూడదు. నెలకే నొప్పి తగ్గింది. మూడు నెలలకు రొమ్ములు పొంగాయి!

అదేం మందు, అదేం ఖర్మ! ప్రాణం నిలబెట్టి పరువు తీస్తుందా? ముందు నుయ్యి, వెనక గొయ్యి. పైగా మొహర్రం దగ్గరపడుతోంది. ఇరవై ఏళ్లుగా ఊరేగింపులో పెద్ద పీరును ఎత్తేది ఆయనే. ఎత్తేవాడు చొక్కా విప్పి ఛాతీకి గంధం పూయించుకోవడం ఆ ఊరి పీర్ల చావిడి ఆచారం.

అందుకే నలభై రోజుల ముందు నుంచి, భార్య హజరా బీ ఇచ్చిన మాత్రను నాలుక కింద దాచి, ఆమె అటు తిరగగానే నీళ్ల బాన వెనక ఉమ్మేశాడు. రొమ్ములు తగ్గలేదు సరికదా, నడుం నొప్పి తిరిగొచ్చింది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

పీరు లేచే రోజు కళ్లు మూసుకుని చొక్కా విప్పాడు. ఎవరూ నవ్వలేదు. చావిడి చూసుకునే ముజావరు రసూల్ సాబ్ ఎప్పటిలాగే గంధం పూసి, "కానీ అన్నా, జనం కాసుకోనుండారు" అన్నాడు.

ఇంతేనా! ఇంతకేనా ఇన్నాళ్లు చచ్చింది?

పీరు పట్టుకుని లేవబోయాడు. నడుములో కలుక్కుమంది. మళ్లీ లేవబోయి కూలబడ్డాడు. తోటి హమాలీ శేషప్ప పరిగెత్తుకొచ్చి పీరు అందుకున్నాడు. "నువ్వు కూసో అన్నా, ఈ తూరి నేనెత్తుతా."

ఇంటికొచ్చి భార్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. హజరా బీ బాన జరిపింది. గోడకు తెల్లటి ముద్ద అతుక్కుని ఉంది.

"నలుగురు సూస్తే ఏమనుకుంటారో అని మానేస్తినే. ఎవడూ సూడనే ల్యా!" అని బడే సాబ్ బావురుమన్నాడు.

"రోజూ సూసేదాన్ని నేనుండా గదయ్యా," అందామె ఆ ముద్దను గోటితో గీకుతూ. "నేనేమన్నా అంటినా?"