కుళాయి నీళ్ళ కబురు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఎవరైనా నన్ను మంచిదాన్నని అన్నప్పుడల్లా అది అడ్డం తిరుగుతుంది. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

బందరులో ఓ ఇరుకు సందులో ఉంటాను. బట్టలు కుడతాను. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. పక్కింట్లో నాగమణి, ఆమె కూతురు, అత్తగారు ఉండేవాళ్ళు. భర్త లేడు. నాగమణి తెల్లవారకముందే గిలకలదిండి రేవుకి వెళ్ళి చేపలు తెచ్చి, మార్కెట్లో అమ్ముకుని ఎండెక్కాక వచ్చేది. ఆమెది మాట్లాడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని ఫోను. మున్సిపాలిటీ కబుర్లేమో వార్డు వాట్సాప్ గ్రూపులో వస్తాయి. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, చెత్త బండి ఎందుకు రాలేదో, దోమల మందు ఎప్పుడు కొడతారో, అన్నీ చూసి గోడ మీదుగా ఆమెకు చెప్పేదాన్ని. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. చెబుతుంటే నాకూ ఒకరున్నారనిపించేది.

కూతురికి కోడూరు సంబంధం ఖాయమైన రోజు నన్నూ పిలిచింది. లోపల వియ్యపురాలితో నా గురించి అంటుంటే వాకిట్లో విన్నాను.

"పాపం, ఎవరూ లేని మనిషండీ. మేమే చూసుకుంటాం."

అంతే. తిట్టలేదు, జాలిపడింది. అది నన్నెందుకంత మండించిందో ఇప్పటికీ తేల్చుకోలేను. అబద్ధమైతే నవ్వి ఊరుకునేదాన్నేమో. ఆ రోజు నుంచి కుట్టు పని ఎక్కువైందని చెప్పి గోడ దగ్గరికి వెళ్ళడం మానేశాను.

పెళ్ళయి పిల్ల అత్తారింటికి వెళ్ళిన కొన్నాళ్ళకు, ఎవరో కేబుల్ కోసం రోడ్డు తవ్వుతుంటే మంచినీళ్ళ పైపు పగిలి మురుగు కలిసింది. కుళాయి నీళ్ళు తాగవద్దని, ట్యాంకరు పంపుతున్నామని గ్రూపులో వెంటనే పెట్టారు. నేను చదివాను. ట్యాంకరు రాగానే సందులో వాళ్ళంతా బిందెలతో పరుగెత్తారు. నాగమణి మార్కెట్లో ఉంది. ఆమె అత్తగారికి చెవులు వినపడవు. నేను చెప్పే ఉంటాననుకున్నారు అందరూ. ఎప్పుడూ చెప్పేదాన్ని కదా, మానేసిన సంగతి వాళ్ళకు తెలియదు.

నా మిషను కిటికీ పక్కనే. ఆ ముసలావిడ కుళాయి కింద బకెట్లోంచి గ్లాసుతో నీళ్ళు ముంచుకోవడం చూశాను. లేచి వెళ్తే చాలు. వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను. ఆవిడ గ్లాసు ఎత్తి నెమ్మదిగా తాగింది. నేను జాకెట్టుకి చేతులు అతికిస్తూ కూర్చున్నాను.

మర్నాటికి వాంతులు, విరేచనాలు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగి రాలేదు. వయసు కూడా మీదపడిందని డాక్టరు అన్నాడట. ఆ మాటను ఎన్నిసార్లు అడ్డం పెట్టుకున్నానో!

దినం అయ్యాక నాగమణి వచ్చి నా గడపలో కూర్చుంది.

"నీళ్ళ సంగతి ముందే ఫోన్లో వచ్చిందంటన్నారు వదినా. నువ్వు చూశావా?"

"లేదు. ఆ రోజు ఫోను చూడలేదు."

"నేనూ అదే అన్నాను. చూసుంటే మా వదిన చెప్పకుండా ఉంటదా అని."

నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎవరి కోసం? పోయినావిడ కోసమా, దొరికిపోనందుకా?

ఆ తర్వాత ఆమె నాకు ఇంకా దగ్గరైంది. చేపల పులుసు పెడితే గిన్నెతో తెచ్చేది. జ్వరమొస్తే పక్కన కూర్చునేది. నాకంటూ ఒక మనిషి ఉండాలని జీవితమంతా కోరుకున్నదాన్ని, తీరా ఆమె పక్కన కూర్చుంటే ఎప్పుడు లేచి వెళ్తుందా అని చూసేదాన్ని. చివరికి కూతురి దగ్గరికని కోడూరు వెళ్ళిపోయింది. అప్పుడప్పుడూ ఫోను చేస్తుంది. స్టవ్వు మీద పాలున్నాయని చెప్పి పెట్టేస్తాను.

చెబితే ఆమె తట్టుకోలేదని నాకు నేనే చెప్పుకుంటాను. అది దయ కాదు, భయం. ఆ ఒక్క ఫోను కూడా ఆగిపోతుందని.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. మెసేజీ చదివాను. ఆవిడ తాగడం చూశాను. చెప్పలేదు. పైగా అబద్ధమాడాను. ఇంతవరకూ ఈ మాటలు ఏకాంతంలో కూడా బయటికి అనలేదు. ఇప్పుడు రాస్తూ పైకే చదువుకున్నాను. ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే కొత్తగా ఉంది. అయినా, చాలా కాలానికి అది నిజం పలికింది.