తిరుమలమ్మాళ్ ఇంజన్ మొరాయించిన విజయదశమి

అరవనాట ఉన్న సింగానల్లూరులో అందరికీ మిల్లు సైరను, వాళ్ళ మాటలో సంగు, మోగితే పొద్దు పొడిచినట్టు. తిరుమలమ్మాళ్‌కు మాత్రం బావి మీది ఇంజన్ పలికితేనే తెల్లారినట్టు. సంగు కూతకు మగవాళ్ళూ ఆడవాళ్ళూ టిఫిన్ డబ్బాలు పట్టుకుని మిల్లు గేటు వైపు పరుగులు తీసేవాళ్ళు. ఈమె కొంగు నడుముకు దోపుకుని, ఎదురు దిక్కున, ఇంజన్ కొట్టం వైపు నడిచేది.

ఆమె పెనిమిటి అప్పసామి నాయుడు మిల్లులో మేస్త్రీగా చేసి దిగిపోయినవాడు. గిర్రున తిరిగే కదుళ్ళ మధ్య కళ్ళు మూసుకుని నడవగలడు గాని, పెట్రోలు వాసన తగిలితే చాలు, వాకిట్లోకి వెళ్ళి నిలబడతాడు. అందుకని బావిలోంచి నీళ్ళు తోడే కపిల తోలిన ఎద్దులు ముసలివై, వాటి స్థానంలో పెట్రోలుతో మొదలై కిరోసిన్‌తో నడిచే ఇంజన్ వచ్చిన రోజే అది తిరుమలమ్మాళ్ పాలబడింది.

మొదట్లో ఆమెకూ ఏమీ తెలియదు. మొరాయించిందంటే అన్న కొడుకు వేలుసామికి కబురు వెళ్ళేది. సింగానల్లూరులో చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న వేలుసామి సైకిలు తొక్కుకుంటూ రావడం, ప్లగ్గు విప్పి తుడిచి బిగించడం, కాఫీ తాగి పోవడం. ఇదే వరుస. ఒకసారి విసిగిపోయి అన్నాడు: "అత్తా, నా కాలు నొస్తా ఉండాది. ఈ ప్లగ్గొకటి నేర్చుకుంటివా, సగం రోగాలు నువ్వే చూసుకుంటావు."

"పొయ్యి ఊదే చేతికి ఇదొక లెక్కా? చూపీరా."

వేలుసామి చూపించింది తక్కువ, ఆమె చూసింది ఎక్కువ. ఇంజన్ చల్లారేదాకా ఆగాలి. తీగ లాగేటప్పుడు తీగను కాదు, దాని టోపీని పట్టుకోవాలి. విప్పేముందు ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదెయ్యాలి, లేకపోతే విప్పగానే ఇసుకంతా సిలిండరులోకి జారిపోతుంది. బయటికి తీశాక మొన రంగు చూడాలి. పలచటి కాఫీ రంగుంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మసిపట్టి నల్లగా ఉంటే నూనె ఎక్కువ తాగుతున్నట్టు. పాలిపోయి తెల్లగా ఉంటే లోపల వేడి మితిమీరినట్టు. తడిగా ఉంటే నూనె వచ్చింది గాని నిప్పు పుట్టలేదన్నట్టు. మొన దగ్గరి సందు కొలవడానికి వేలుసామి దగ్గర రేకుల కొలత ఉండేది. తిరుమలమ్మాళ్ విరిగిన రంపపు బ్లేడు ముక్కతో సరిపెట్టుకుంది. ముక్క సందులో కొంచెం పట్టుపట్టుగా దూరితే సరి.

అప్పటినుంచి వేలుసామి కాఫీకి మాత్రమే వచ్చేవాడు.

ఇంజన్‌తో ఆమె మాట్లాడేది కూడా. పలకకపోతే "ఏమే, ఎవరి మింద అలక?" అనేది. పలికితే "అట్ల రా దారికి" అనేది. పక్క తోట కాళియప్పన్ గట్టు మీద నిలబడి వినేవాడు. తమిళుడైనా, ఈ తెలుగు ఇళ్ళ మధ్యే పెరిగినందువల్ల వాళ్ళ మాట బాగానే పట్టుబడింది. "అమ్మా, మీరు ఇంజన్‌తో మాట్లాడినట్టు నాయుడుతో మాట్లాడితే ఆయన కూడా స్టార్ట్ అవును" అని ఏడిపించేవాడు.

ఇలా ఉండగా కరెంటు లైను తోట దాకా వచ్చింది. మిల్లులో ఫిట్టరుగా ఉన్న కొడుకు మాణిక్కం తల్లి చెయ్యి నొప్పి చూసి కరెంటు మోటారు బిగించాడు. మీట నొక్కితే నీళ్ళు. తిరుమలమ్మాళ్ కాదనలేదు. కాని ఇంజన్ సంగతేమిటి?

"దక్షిణాన కొండల కిందుండే కంబం నుంచి ఒకాయన వస్తాడు మా, ఆండియప్ప అని. ద్రాక్ష తోట. ఆ పక్క ఇంకా కరెంటు రాలే. విజయదశమి నాడు వచ్చి ఓడించి చూస్తాడు. ఓడితే తీసుకుపోతాడు" అన్నాడు మాణిక్కం. ఆ ఊరి తెలుగులో ఓడడమంటే ఇంజన్ నడవడం.

"ఓడకుంటే?"

మాణిక్కం నసిగాడు. "ఓడకుంటే పాత ఇనుము వాడే. విరగ్గొట్టి తూకానికి వేస్తాడు. కొట్టంలో ఊరికే పెట్టుకుని ఏం సేస్తాం మా?"

ఆ మాట తిరుమలమ్మాళ్‌కు అన్నం సహించనివ్వలేదు. పోతే పోనీ, ఎవరి బావి దగ్గరో నీళ్ళు తోడుతూ బతకనీ. సుత్తి దెబ్బలకు ముక్కలై మాత్రం పోకూడదు. ఆ రోజునుంచి ఆమె పెళ్ళికూతురిని సింగారించినట్టు ఇంజన్ మీద పడింది. ట్యాంకు కడిగింది. గొట్టాలు ఊదింది. వేలుసామి చేత కొత్త ప్లగ్గు తెప్పించి బిగించింది. ఆయుధ పూజ ముందు రోజు తాడు లాగితే మొదటి లాగుకే పలికింది.

ఆయుధ పూజ నాడు పనిముట్లకు విశ్రాంతి. మిల్లులో మగ్గాలకూ, ఇంట్లో కొడవలికీ, కాళియప్పన్ పారకూ ఒకటే మర్యాద. తిరుమలమ్మాళ్ ఇంజన్‌కు చామంతి దండ వేసి, చక్రానికి పసుపు రాసింది. తర్వాత ఆమె కన్ను కొత్త ప్లగ్గు మీద పడింది. తెల్లగా, నున్నగా, మల్లెమొగ్గలా మెరుస్తోంది పింగాణీ. వాళ్ళది పెరుమాళ్ళను కొలిచే ఇల్లు. ఊరు విడిచి వెళ్ళబోయే బిడ్డ నొసలు బోసిగా ఉండవచ్చా? నామం పెట్టే తిరుమణి సుద్ద తడిపి, పుల్లతో పై నుంచి కింది దాకా రెండు తెల్లటి గీతలు, నడుమ ఎర్రటి శ్రీచూర్ణం గీత ఒకటి, ముద్దుగా దిద్దింది. మర్నాడు పొద్దున్న ఆరిపోయి పెచ్చులూడుతుంటే మళ్ళీ తడిగా దిద్దింది.

ఆండియప్ప పొద్దెక్కేసరికి వచ్చాడు. పెద్ద తలపాగా, అంతకన్నా పెద్ద నవ్వు. తనతో తెచ్చిన చిన్న లారీని రోడ్డు మీద నిలిపాడు. చేతిలో ద్రాక్షపళ్ళ బుట్ట.

"ఏమ్మా, బాగుండారా? ఇది మా తోటవి."

"బాగుండాంప్పా. మీ మాట వేరే మాదిరి ఉండాదే."

"మీదీ అట్లే ఉండాది. ఏదో ఒకటి, అరవం లేకనే మాట్లాడుకుంటిమి గదా" అన్నాడు. అందరూ నవ్వారు.

కొట్టంలోకి వెళ్ళారు. మాణిక్కం తాడు చుట్టి లాగాడు. ఇంజన్ దగ్గింది, ఊరుకుంది. మళ్ళీ లాగాడు. దగ్గు కూడా లేదు.

"మొన్ననే ఒక్క లాగుకు పలికిందిప్పా!" అంది తిరుమలమ్మాళ్, తన మీద తనకే నమ్మకం చాలనట్టు.

ఆండియప్ప ఎగతాళి చేయలేదు. పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏం చూస్తారో చూడండమ్మా. నేనూ నేర్చుకుంటా."

ఆమె తీగ టోపీ లాగింది. దుమ్ము ఊదింది. స్పానరు తగిలించి ఎడమకు తిప్పింది. బయటికి వచ్చిన ప్లగ్గు మొన తడిగా మెరుస్తోంది.

"చూడు, పెట్రోలు వచ్చుండాది. నిప్పు రాలే. అవ్వళవుదాన్, అంతే సంగతి."

మొన తుడిచింది. బ్లేడు ముక్క సందులో దూర్చి చూసింది. సరిగ్గా ఉంది. చిందిన పెట్రోలంతా గుడ్డతో ఒత్తి, ఆ గుడ్డను బయట దూరంగా పడేయించి, అందరినీ వెనక్కి జరగమని, ప్లగ్గుకు తీగ తగిలించి ఇంజన్ ఇనుముకు ఆనించి పెట్టింది. మాణిక్కం తాడు లాగాడు. మొన దగ్గర నీలి నిప్పు టక్కున ఎగిరింది.

"అదో! నిప్పుండాది!" అని ఆండియప్ప చప్పట్లు కొట్టాడు.

మళ్ళీ బిగించింది. ముందు వేళ్ళతో, మర తన దారిలో తాను దిగేదాకా. తర్వాత స్పానరుతో చిన్న పట్టు. స్పానరు రాసుకుని నామం కొంచెం చెరిగింది. అయ్యో అనుకుని, కొట్టం గూట్లో పెట్టిన తిరుమణి ముద్ద తీసి మళ్ళీ చక్కగా దిద్దింది. "ఇప్పుడు లాగురా."

లాగాడు. ఏమీ లేదు.

విప్పారు. నిప్పుంది. బిగించారు. నామం దిద్దింది. లాగారు. నిప్పు లేదు. బయట ఉన్న నిప్పు లోపలికి పోగానే ఎక్కడికి పోతుంది? మాణిక్కం చొక్కా తడిసి వీపుకు అతుక్కుంది. అప్పసామి నాయుడు అలవాటు ప్రకారం వాకిలి దగ్గర నిలబడి, "వేలుసామిని పిలవనా?" అని కేకేశాడు.

"వాడు మరుదమల గుడికి పొయ్యినాడు. మీరు ఊరికే ఉండండి!"

గట్టు మీద కాళియప్పన్ కూడా వచ్చి చేరాడు. నొసటి మీద అడ్డంగా మూడు విభూది రేఖలు, చేతిలో కొబ్బరి చిప్ప. "ఏమమ్మా, అత్తింటికి పోనంటోందా?"

మాణిక్కం నెమ్మదిగా తల్లి చెవి దగ్గర అన్నాడు: "పోనీ మా. ఇంకొకటి చూసుకోమని చెప్తాం ఆయనకు. రేపు ఆ పాత ఇనుము..."

"నోరు మూసుకోరా."

దండ వేసుకుని కూర్చున్న ఇంజన్ వైపు చూసింది. దాని మీద సుత్తి పడితే ఏ చప్పుడొస్తుందో ఆమెకు అప్పుడే వినిపించింది.

ఆండియప్ప మాత్రం లేవలేదు. "ఇంకొక్కసారి, తమ్ముడూ. నేనిట్ల పక్కనుంచి చూస్తా" అని, ఇంజన్ వెనక ఉన్న చీకటి మూలలోకి వంగి కూర్చున్నాడు. మాణిక్కం లాగాడు.

"అమ్మా! నామం మింద ఏందో పరుగెత్తె! మిణుగురు పురుగు మాదిరి!"

"ఏమి?"

"ఇంకోసారి లాగు తమ్ముడూ. అదో! పైనించి కిందికి. జర్రున!"

తిరుమలమ్మాళ్ మోకాళ్ళ మీద పడి, ఆయన పక్కకు తల దూర్చింది. మాణిక్కం లాగాడు. తీగ టోపీ అంచు నుంచి, తడి గీత వెంబడి, ప్లగ్గు ఇనుప మెడ దాకా సన్నటి నీలి పాము ఒకటి పాకి మాయమైంది.

ఆమె చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. తర్వాత నవ్వు మొదలైంది. భుజాలు కదిలేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా.

"ఏమైంది మా?" మాణిక్కం బెదిరిపోయాడు.

"నేనే రా, నేనే! కరెంటు పోయేదానికి నిలువునా బాట వేసి పెట్టినాను!"

"బయట నిప్పు బాగా వచ్చె గదమ్మా?" అన్నాడు ఆండియప్ప.

"బయట సందు దాటేది సులువుప్పా. లోపల పిస్టను గాలిని అదిమితే దాటేది కష్టం. ఏరా మాణిక్కం, మీ నాయన మిల్లు గేటు దగ్గర తోపులాటగా ఉంటే ఏం సేస్తుండెరా? గోడ సందులో దూరి ఇంటికి రాలే? అట్లే ఇది కూడా. తడి గీత కనపడింది, దాని మిందనే దిగి పొయ్యింది."

"ఆ గోడ సందు సంగతి ఇప్పుడెందుకు?" అన్నాడు వాకిలి దగ్గర నుంచి అప్పసామి నాయుడు.

కాళియప్పన్ కొబ్బరి చిప్ప కింద పెట్టి, పొట్ట పట్టుకుని గట్టు మీద చతికిలబడ్డాడు. "అమ్మా, నిలువుగా గీస్తే పై నుంచి కిందికి దిగదా? మా మాదిరి అడ్డంగా పూసి ఉంటే, ఈ పాటికి కంబం చేరి ఉండును!"

"మీ విభూది అడ్డంగానే పడుకోనీ, మా దేవుడు నిలబడినోడు!" అంది ఆమె, నవ్వు ఆపుకోలేక.

కాని తుడవబోయేసరికి చెయ్యి ఆగింది. పెట్టిన నామం చెరపడం ఎలా? పొడిగుడ్డ పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత ప్లగ్గు వైపు వంగి, చిన్నబిడ్డను ఒడిలోంచి దించినంత మెల్లగా అంది: "పెరుమాళ్ళే, ఆ చోటు నిప్పుది. నువ్వు కొంచెం జరిగి ట్యాంకు మింద కూచో." పింగాణీని పొడిపొడిగా తుడిచింది. చీర చెంగుతో మళ్ళీ తుడిచింది. ట్యాంకు ముందువైపు వెడల్పాటి నామం దిద్దింది. ప్లగ్గు మొన ఆరబెట్టి, బిగించి, తీగ తొడిగింది.

"ఇటు ఇయ్యి తాడు."

ఈసారి ఆమే లాగింది. ఇంజన్ ఒక్కసారి దగ్గి, పొగ కక్కి, డబడబమని అందుకుంది. చామంతి రేకులు ఎగిరి ఆండియప్ప తలపాగా మీద పడ్డాయి. గొట్టంలోంచి నీళ్ళు ఎగదన్ని కాలవలోకి ఉరికాయి. కాళియప్పన్ దేవుళ్ళందరి పేర్లూ కలిపి కేకవేశాడు. ఇంజన్ నడిచేటప్పుడు ఎప్పుడూ వాకిలి దాటని అప్పసామి నాయుడు కొట్టం గుమ్మం దాకా వచ్చి, ముక్కు మూసుకునే నవ్వాడు.

ఇంజన్ ఆపి, చల్లారాక, ఆండియప్ప తనంతట తానే ప్లగ్గు విప్పి చూపించాడు. మొదట ఊదాడు, తర్వాతే తిప్పాడు. తిరుమలమ్మాళ్ తల ఊపింది. బిగించి, తాడు చుట్టి లాగితే ఆయన చేతికీ పలికింది. సొంత మనిషి చేతికి పలికినట్టే పలికింది. ఆమెకు కొంచెం గుచ్చుకుంది. గుచ్చుకున్న చోటే చల్లగా కూడా అనిపించింది.

"తీసుకుపోప్పా" అంది. "పదిలంగా చూసుకో."

మధ్యాహ్నానికి ఇంజన్‌ను మోకులు కట్టి లారీ మీదికి ఎక్కించారు. ఆండియప్ప చేతులు జోడించాడు. "నేను సంతకూ పనికీ పోతే నా పెండ్లాం మూకాయే చూసుకోవల్ల. ఆమెకు తాడు లాగేది కూడా తెలియదు. మీరు చెప్పినట్ల నేను చెప్పలేనమ్మా."

తిరుమలమ్మాళ్ లారీని చూసింది. కొట్టంలో బోసిగా మిగిలిన దిమ్మెను చూసింది. కొంగు బిగించింది.

"మాణిక్కం, నా మంచి చీర రెండు సంచిలో వెయ్యి."

"ఏమిటికి మా?"

"ఆ పిల్లకు చూపించి వస్తాను. పెండ్లి ఎవరైనా సేస్తారు, కాపురం పెట్టించి వచ్చేది అమ్మ పని."

ఎవరికీ వద్దనే సందు ఇవ్వలేదు. డ్రైవరు పక్కన కూర్చోమంటే వినలేదు. వెనక, ఇంజన్ పక్కనే, గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. లారీ కదిలింది. అప్పసామి నాయుడు దాని వెంట పరుగులాంటి నడక నడిచాడు.

"నాకు కాఫీ ఎవరు పెడతారే?"

"పాలు ఉట్టి మింద ఉండాయి! డికాషను దించేది నేర్చుకోండి! పెట్రోలు వాసన రాదు లెండి, బెదరవద్దు!"

కాళియప్పన్ ఈల వేశాడు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో తిరుమలమ్మాళ్ మొదట చేసిన పని, సంచిలోంచి పొడిగుడ్డ తీసి ప్లగ్గు మీద కప్పడం.