వీధి వాటా అద్దెకిచ్చిన వేసవి

నా చిన్నప్పుడు మా ఇంటికి వీధి లేకుండా పోయిన వానాకాలం ఒకటుంది. ఇల్లు ఎక్కడికీ పోలేదు, వీధీ ఎక్కడికీ పోలేదు, మధ్యలో మేమే చిక్కుకుపోయాం. ఇప్పుడు నేనూ ముందు రెండు గదులూ అద్దెకిచ్చుకుని బతుకుతున్నదాన్నే. కొత్తగా ఇల్లు అద్దెకివ్వబోయేవాళ్ళు ఎవరైనా వచ్చి, ఎలా ఇవ్వాలి, ఏం చూసుకోవాలి అని అడిగితే ముందు ఆ వానాకాలం సంగతే చెబుతాను. నేను చదువుకున్నదాన్ని కాను. ఈ విషయంలో నాకున్న చదువు అదొక్కటే.

కొత్తపేటలో మాది సన్నగా పొడుగ్గా ఉండే పెంకుటిల్లు. ముందు వీధి, వెనక పంట కాలువ. రెండు పక్కలా పక్కవాళ్ళ గోడలు మా గోడలకి ఆనుకుని ఉండేవి, పిల్లి దూరే సందు కూడా లేదు. మా నాన్న కొబ్బరికాయలు కొని, ఒలిపించి అమ్మేవాడు. ఆయన లోకమంతా పెరట్లోనే. కాయల రాశులు అక్కడే, ఒలుపు కూలీలు అక్కడే, ఒలిచిన పీచు డొక్కల గుట్టలు అక్కడే. ఒక వేసవిలో, కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజుల్లో, ముందు రెండు గదులూ అరుగూ ఊరికే పడి ఉన్నాయి కదా, అద్దెకిచ్చేద్దాం అనుకున్నాడు. అప్పటికి కాలువ అడుగంతా ఎండి నెర్రెలు తీసి ఉంది. పెరటి తలుపు తీసి కాలువలోకి దిగి, అటు గట్టెక్కితే రోడ్డు. ఇంకేం కావాలి అనిపించింది ఆయనకి. "మాకు పెరడు చాలండి, వీధి వాటా అంతా మీదే" అని నలుగురి ముందూ మాటిచ్చి తాళంచెవి అద్దెకొచ్చినవాళ్ళ చేతిలో పెట్టేశాడు.

అద్దెకు దిగినవాళ్ళు ఒక గుమాస్తాగారు, ఆయన భార్య. చాలా మర్యాదస్తులు. దిగిన సాయంత్రానికే నాన్నని బావగారూ అనీ, అమ్మని అక్కయ్యగారూ అనీ పిలవడం మొదలుపెట్టారు. మా అమ్మకి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు, తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ ఒక్క పిలుపుకి అమ్మ కరిగిపోయి, ఆ రాత్రే గిన్నెడు పనసపొట్టు కూర పంపించింది. ఇక అక్కడినుంచి ఇచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ అన్నది పోయి, చుట్టాలమైపోయాం. చుట్టాలతో గట్టిగా ఒక మాట అనడం మా వైపు ఎవరి తరమూ కాదు.

రెండు వాటాలకీ మధ్యన ఒక తలుపు. దాని గడియ వాళ్ళ వైపు ఉండేది. మొదట్లో ఆ తలుపులోంచే మేం వీధిలోకి వెళ్ళి వచ్చేవాళ్ళం. కొన్నాళ్ళకి మధ్యాహ్నం వాళ్ళు నిద్రపోయే వేళ గడియ పడింది. ఆ తరువాత పూజ వేళ కూడా. ఆఖరికి ఒక రోజు గుమాస్తాగారు చేతులు కట్టుకుని వచ్చి, "ఏమీ అనుకోకండి బావగారూ, బీరువా పెట్టుకోడానికి ఇంకెక్కడా చోటు కుదర్లేదండి" అన్నారు. ఆ తలుపుకే ఆనించి పెట్టేశారట. నాన్న "ఆయ్, దానిదేముందండీ" అన్నాడు. కాలువ ఇంకా ఎండే ఉంది మరి.

తొలకరికి కాలువలు వదిలారు.

ఒక్క పూటలో నీళ్ళు మా పెరటి మెట్టుదాకా వచ్చేశాయి. నాన్న రెండు తాటి దుంగలు తెప్పించి కాలువకి అడ్డంగా వేయించాడు. వానలు పట్టేసరికి వాటికి నాచు పట్టింది. నన్ను బడికి భుజాన ఎక్కించుకుని దాటించేవాడు. వాన గట్టిగా పడితే అదీ లేదు. ముందేమో బీరువా, వెనకేమో నీళ్ళు, మధ్యలో నానిన డొక్కల కంపు. వీధిలో చేపలమ్మి కేక, రిక్షా బెల్లు, తోటి పిల్లలు నన్ను పిలవకుండానే ఆడుకుంటున్న గోల, అన్నీ ఆ మధ్య తలుపుకి చెవి ఆనించి వినేదాన్ని. మన ఇంట్లో మనం ఉండి, మన వీధిని చాటుగా వినవలసి వస్తే గుండెలో ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నాకది బాధ, అమ్మకి అంతకన్నా ఎక్కువ. అమ్మకి నెలలు నిండుతున్నాయి. నాచు పట్టిన దుంగ మీద కాలు పెట్టే స్థితిలో లేదు ఆ మనిషి. ఆస్పత్రికి వెళ్ళాలంటే రిక్షా వీధివైపే వస్తుంది. మంత్రసానిని పిలుచుకొద్దామని నాన్న వెళితే, ముసలావిడ గట్టు మీద నిలబడి దుంగలకేసి చూసి, "నేను దీని మీంచి రాను బాబూ, నన్నెవరు మోస్తారు?" అని వెనక్కి తిరిగిపోయింది. ఆ రోజు నుంచి అమ్మ సరిగ్గా తినలేదు.

"వెళ్ళి అడగండి, తలుపు తీయమని" అనేది అమ్మ.

"నీ తమ్ముడేగా, నువ్వే అడుగు" అనేవాడు నాన్న.

"తమ్ముడినని ఆయన అన్నారు గానీ, నేను అన్నానా?"

"మాటిచ్చేనే, వీధి వాటా అంతా మీదే అని. ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఇద్దరూ చెరోవైపు తిరిగి కూర్చునేవాళ్ళు. అటువైపు నుంచి గుమాస్తాగారి దగ్గు వినబడితే మాటలు ఆపేసేవాళ్ళు.

అప్పుడు ముక్తేశ్వరం నుంచి మా మేనత్త వచ్చింది. నాన్నకి అక్క. పురిటికి సాయం ఉండాలని మూటతో, అరటి గెలతో దిగింది. ఎప్పటిలాగే వీధి తలుపు కొట్టింది. గుమాస్తాగారి భార్య తలుపు ఓరగా తీసి, "మడిలో ఉన్నానండి వదినగారూ, ఏమీ అనుకోకుండా వెనకనుంచి రండి" అందట. అత్తయ్య చుట్టూ తిరిగి గట్టుమీదికి వచ్చి దుంగ ఎక్కింది. తను పడలేదు గానీ అరటి గెల కాలువ పాలైంది. అది కొట్టుకుపోతూ ఉంటే నిలబడి చూసింది. లోపలికి వచ్చాక అమ్మ పాదాలు పట్టి చూసింది, వాచి ఉన్నాయి. బీరువా ఆనించిన తలుపుని కూడా తట్టి చూసింది.

రెండు రోజులు పోయాక, పొద్దున్నే, ఇద్దరు ఒలుపు కూలీల చేత నులక మంచం ఎత్తించింది. చాప, పాత చీరలు, ఆముదం సీసా, నీళ్ళు కాచే డేగిసా నా నెత్తికీ చేతికీ సర్దింది. అమ్మని ఇంట్లోనే ఉంచి, మేమందరం దుంగ దాటి, చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చాం. దారిలో మంత్రసానిని కూడా కలుపుకుంది. మా అరుగు ముందు ఆగేసరికి గుమాస్తాగారు గొడుగు పట్టుకుని ఆఫీసుకి బయలుదేరుతున్నారు. ఎదురింటివాళ్ళు, పాలు పోసే ఆవిడ, అందరూ గుమ్మాల్లోకి వచ్చేశారు.

"మంచం ఏ గదిలో వేయమంటారండీ?" అంది అత్తయ్య.

"ఏం మంచమండీ వదినగారూ?"

"పురిటి మంచమండీ. మా మరదలికి పుట్టిల్లు లేదే అని ఇన్నాళ్ళూ ఏడ్చేం. గోడకవతలే తమ్ముడున్నాడని నాకు తెలీలేదు, మా వాడైనా చెప్పేడు కాదు. అక్కకి పురుడు పోయడం తమ్ముడి ఇంట్లోనే కదండీ న్యాయం?"

"ఆయ్, న్యాయమేనండి" అంది పాలావిడ, ఎవరూ అడక్కుండానే.

లోపలనుంచి గుమాస్తాగారి భార్య గొంతు వినబడింది. "పురుడా! ఇక్కడా! నా పూజ గదిలోనా!"

"పూజ గదిలో వద్దులెండి, ముందు గది చాలు. పదకొండు రోజులే. బాలింతకి మిరియాల చారూ, వేడినీళ్ళూ మీకు అలవాటేగా?" అని అత్తయ్య అరుగు ఎక్కేసింది. కూలీలు మంచం గుమ్మానికి ఆనించారు.

గుమాస్తాగారు గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. కాదంటే వీధిలో అక్కయ్యగారన్న మాట పోతుంది. సరేనంటే ఇల్లు పురిటిల్లవుతుంది. అటూ ఇటూ చూసి, చివరికి ఒక దారి దొరికినట్టు, "అయినా అక్కయ్యగారు ఇక్కడికెలా రాగలరండీ? నిండు నెలలు, ఆ దుంగ మీంచి నడిచి..." అన్నారు.

"అదేనండి బాబూ" అంది అత్తయ్య. గొంతు దించి, మెల్లిగా అంది. "నేనూ మిమ్మల్ని అడుగుదామనుకున్నది అదే."

గుమాస్తాగారు గొడుగు మూసి గోడకి ఆనించి లోపలికి వెళ్ళారు. బీరువా నేలని గీసుకుంటూ జరిగిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే గడియ తీసిన చప్పుడు. నేను డేగిసా అరుగు మీద పడేసి లోపలికి పరుగెత్తాను. అవతల అమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉంది. నాకేసి చూడలేదు. నా తల మీదుగా, రెండు గదులు దాటి, వీధిలో ఎండకేసి చూస్తోంది.

అత్తయ్య గెలిచానని మురిసిపోలేదు. మంచం వెనక్కి పంపించేసి నాన్ననీ గుమాస్తాగారినీ అరుగు మీద కూర్చోబెట్టింది. "తప్పు మీది కాదండి. చెప్పాల్సిన మాట మావాడు చెప్పలేదు, మీరేం చేస్తారు?" అని ఆయనతో అంది. నాన్నతో మాత్రం, "ఎండిన కాలువని చూసి వీధి ఇచ్చేసేవురా" అంది. పొద్దున్నుంచి రాత్రిదాకా దారి మాకుండాలి, వాళ్ళ గదుల్లో మేం ఆగకూడదు, పూజ వేళ చెప్పి వెళ్ళాలి. ఈ మాటలన్నీ ఇద్దరి చేతా అందరి ముందూ పలికించింది. మధ్యాహ్నానికి వడ్రంగిని పిలిపించి ఆ గడియ ఊడదీయించి మా వైపు వేయించింది.

ఆ వారంలోనే నాకు తమ్ముడు పుట్టాడు. మంత్రసాని వీధి గుమ్మంలోంచే వచ్చింది. వేడినీళ్ళు మటుకు గుమాస్తాగారి భార్యే కాచి ఇచ్చింది. బారసాలనాడు గుమాస్తాగారు అమ్మకి చీర, పసుపు, కుంకుమ పెట్టారు. ఎవరూ పెట్టమనలేదు. పిలుపు వరసే అయినా, ఆ తరువాత వాళ్ళు ఇల్లు మారి వెళ్ళినా, ఆయన మా అమ్మకి తమ్ముడుగానే మిగిలారు.

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఈ ఇల్లే. అద్దెకి వచ్చేవాళ్ళని ముందు అరుగు మీదే కూర్చోబెడతాను. మేం ఎటు నడుస్తామో, వాళ్ళు ఎటు నడవాలో, నుయ్యి ఎవరిదో, అవసరం పడితే ఎన్నాళ్ళ ముందు చెప్పి ఖాళీ చేయమంటానో, మొహమాటం లేకుండా చెప్పేస్తాను. వాళ్ళకి కావలసినవీ అడిగి చెప్పించుకుంటాను, దారి వాళ్ళకి కూడా ఉండాలి కదా. వేసవిలో వచ్చి చూసినవాళ్ళని వానల్లో ఇంకోసారి వచ్చి చూసుకోమంటాను. ఈ మాటలన్నీ అయ్యాకే లోపలికి పిలిచి కాఫీ ఇస్తాను. ఆ తరువాత నన్ను పిన్నిగారన్నా, అత్తయ్యగారన్నా నాకు భయం లేదు, నోరారా పలుకుతాను.

ఈ ఇంటికీ ఆ ఇంటికిలాగే మధ్య తలుపు ఉంది. గడియ నా వైపే వేయించుకున్నాను. పడుకోబోయే ముందు వెళ్ళి ఒకసారి దాన్ని చేత్తో తడుముకుంటాను. ఉందని తెలిస్తే చాలు నాకు. వేయకుండానే వచ్చేస్తాను.