గంజితో అంటించిన స్టాంపులు

పాత స్టాంపులకు లక్షలొస్తాయన్న కబురు మొదట తెచ్చింది మా వదిన. నేతపని చేసిన నాయన అంటించిన స్టాంపుల పుస్తకం నా దగ్గరే ఉంది. ఒక్కో స్టాంపు కింద ఆయన తెలుగులో రాసిన పేర్లు చూసే నేను ఇంట్లో చదువు నేర్చుకున్నాను. దాన్ని అమ్మేయాల్సి వస్తుందేమోనన్న దిగులుతోనే అన్న వెంట నగరి నుంచి చిత్తూరు వెళ్లాను.

స్టాంపులు కొనే పెద్దాయన ఒకదాన్ని గోటితో కదిలించి చూశాడు. "దేంతో అంటించినారమ్మా?"

"పడుగు నూలుకు పెట్టే గంజితో," అన్నాను.

"అయితే చినగకుండా ఊడిరావు. ఎవురూ కొనరు."

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "నాయన అతికిస్తే ఊడతాదా పాపా? పట్టుకొనిపో, నీ దగ్గరే ఉండనీ."

బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని దారి పొడవునా గోవిందా అని దేవుడికి దండం పెట్టుకుంటూనే ఉన్నాను. మీ పిల్లలకు అక్షరాలు దిద్దించేటప్పుడు మా నాయనను ఒక్కసారి తలుచుకోండి.